డబ్బు కట్టకముందే వారంటీ కాగితం చేతికివ్వాలి

ఎడిటర్ గారికి,

నమస్కారం. కొత్త కారు మార్కెట్లోకి వచ్చిందంటే పత్రికలన్నీ దాని మైలేజీ, డిక్కీ సైజు, స్క్రీన్ ఎన్ని అంగుళాలు, సన్‌రూఫ్ ఉందా లేదా అని అరపేజీ రాస్తాయి. ఆ కారు కొన్నవాళ్లు తర్వాత ఏళ్ల తరబడి సర్వీస్ సెంటర్‌లో దేనికి కడుతున్నారో, ఎందుకు కడుతున్నారో మాత్రం ఎవరూ రాయరు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, కానీ కోత పెట్టకుండా వేస్తే చాలామందికి పనికొస్తుంది.

నేను అడిగేది రెండే. ఎక్స్‌టెండెడ్ వారంటీ, అంటే కంపెనీ వారంటీ అయిపోయాక వచ్చే రిపేర్ల కోసం మనం డబ్బిచ్చి కొనుక్కునే అదనపు వారంటీ, అమ్మే డీలర్ ఎవరైనా సరే, డబ్బు తీసుకోకముందే దాని పూర్తి షరతుల కాగితం కొనేవాళ్ల చేతిలో పెట్టాలి, ఇంటికి తీసుకెళ్లి చదువుకోనివ్వాలి. రంగు రంగుల కరపత్రం చూపించి సరిపెట్టకూడదు. రెండోది, సర్వీస్‌కి ఇచ్చినప్పుడు రాసే ఎస్టిమేట్‌లో కంపెనీ మాన్యువల్ ప్రకారం చేయాల్సిన పనులు ఒకచోట, డీలర్ తనంతట తాను చేర్చిన పనులు వేరేచోట చూపించి, రెండోవాటికి విడిగా సంతకం తీసుకోవాలి. ఇవేమీ గొంతెమ్మ కోరికలు కావు. కంప్యూటర్‌లో ఒక ఫారం మారిస్తే అయ్యే పని.

ఇప్పుడు ఎలా జరుగుతోందో చూడండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ మాట ఎత్తేది కారు డెలివరీ తీసుకునే హడావుడిలో. లోన్ కాగితాలు, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, యాక్సెసరీలు, అన్నింటి మధ్యా ఇంకో సంతకం. "ఇప్పుడైతే ఈ రేటు సార్, తర్వాత పెరుగుతుంది" అంటారు. అంత పెద్ద మొత్తం పెట్టి కారు కొన్న మనిషికి ఆ పక్కన ఇది చిన్న మొత్తంలా కనిపిస్తుంది, పైగా ఇంట్లోవాళ్లు పక్కనే ఉంటారు, వద్దంటే కక్కుర్తి పడినట్టు ఉంటుందేమోనని సరే అనేస్తాం. నిజానికి ఈ వారంటీ మొదలయ్యేది కంపెనీ ఇచ్చిన మామూలు వారంటీ అయిపోయాకే. అంటే మూడేళ్ల వారంటీ ఉన్న కారైతే మూడేళ్ల తర్వాత పనికొచ్చేదానికి ఇవాళే డబ్బు కడుతున్నాం. చాలా కంపెనీలు మామూలు వారంటీ అయిపోయేలోపు ఎప్పుడైనా దీన్ని కొనుక్కోనిస్తాయి. రేటు కొంత పెరగొచ్చు, కానీ ఈలోపు ఆ కారు ఎలాంటిదో, ఆ మోడల్‌లో ఏవి పాడవుతున్నాయో తెలుస్తుంది కదా. ఆ మాట మాత్రం డెలివరీ రోజున ఎవరూ చెప్పరు.

ఇది దండగ అని నేను అనడం లేదు. లెక్క తెలుసుకుని కొనాలంటున్నాను. యంత్రం ఏదైనా తయారీ లోపాలుంటే సాధారణంగా మొదట్లోనే బయటపడతాయి, అవి మామూలు వారంటీలోనే పోతాయి. అరుగుదల వల్ల వచ్చే రిపేర్లు బాగా తిరిగాక మొదలవుతాయి. ఎక్స్‌టెండెడ్ వారంటీ కవర్ చేసేది చాలావరకు ఈ రెంటికీ మధ్య ఉండే ప్రశాంతమైన కాలాన్ని. అమ్మేవాళ్లకు అది లాభం కావడానికి కారణం ఇదే, ఇందులో మోసమేమీ లేదు, ఇన్సూరెన్స్ అంతా ఇలాగే నడుస్తుంది. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2014లో వేసిన సర్వేలో, ఇలాంటి వారంటీ కొన్నవాళ్లలో 55 శాతం మంది దాన్ని ఒక్క రిపేరుకి కూడా వాడుకోలేదని తేలింది.

మరి ఎవరికి పనికొస్తుంది? ఒక్క భాగం పోతే కోలుకోలేనంత బిల్లు వచ్చే కార్లున్నవాళ్లకి. టర్బో ఉన్న ఇంజిన్లు, డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్సులు, డీజిల్‌లో హై ప్రెషర్ పంపు, ఇంజెక్టర్లు, ఏబీఎస్ మాడ్యూల్, ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్, డాష్‌బోర్డు మధ్యలో ఉండే ఆ పెద్ద స్క్రీన్. ఇవి తరచుగా పోవు, పోతే మాత్రం చాలాసార్లు లోపలి చిన్న ముక్క మార్చడం కుదరదు, మొత్తం అసెంబ్లీయే మార్చాలంటారు. ఇలాంటివి ఎక్కువున్న కారును ఏడెనిమిదేళ్లు ఉంచుకుందాం అనుకునేవాళ్లకి ఈ వారంటీ మనశ్శాంతి. మాన్యువల్ గేరు, టర్బో లేని మామూలు పెట్రోల్ ఇంజిన్, ఎప్పటినుంచో వాడుకలో ఉన్న మోడల్ అయితే ఆ డబ్బు విడిగా దాచుకుంటే మంచిదని నా అభిప్రాయం. ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. అసలు ఖరీదైన బ్యాటరీకి చాలా కంపెనీలు విడిగా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ముందే ఇస్తున్నాయి, ఎక్స్‌టెండెడ్ వారంటీ దానికి అదనంగా ఏమిస్తుందో అడిగి తెలుసుకోవాలి.

ఇక అసలు బాధ. మా కారు సంగతే చెప్తాను. ఎక్స్‌టెండెడ్ వారంటీ నడుస్తుండగా ఏసీ చల్లదనం తగ్గింది, కొద్దిరోజులకు బానెట్ కింద కీచుమని శబ్దం, ఆ తర్వాత కంప్రెసర్ పట్టేసింది. సర్వీసులన్నీ ఆ డీలర్ దగ్గరే, అన్నీ టైముకే, ఒక్కటీ తప్పలేదు. కరపత్రంలో కవరయ్యే భాగాల జాబితాలో ఏసీ కంప్రెసర్ అని పెద్ద అక్షరాల్లో ఉంది. కారు చూశాక సర్వీస్ అడ్వైజర్ చెప్పింది ఇదీ: పైపు జాయింట్ దగ్గర ఉండే రబ్బరు ఓ-రింగ్ గట్టిపడిపోయి గ్యాస్ మెల్లమెల్లగా లీకైంది, గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా పోయింది, ఆయిల్ అందక కంప్రెసర్ పట్టేసింది. ఇంతవరకు ఆయన చెప్పింది నిజమే, ఏసీలో కంప్రెసర్‌కు కావాల్సిన ఆయిల్ గ్యాస్‌తో కలిసే తిరుగుతుంది. ఆ తర్వాత అన్నదే మింగుడుపడలేదు. ఓ-రింగ్ రబ్బరు భాగం కాబట్టి కవర్ కాదట, కవర్ కాని భాగం వల్ల పాడైంది కాబట్టి కంప్రెసర్ కూడా కవర్ కాదట. వేలెడంత కూడా లేని రబ్బరు రింగు వల్ల కంప్రెసర్ మొత్తం వారంటీ నుంచి బయటికి పోయింది! ఆ నిబంధన షరతుల పుస్తకంలో నిజంగానే ఉంది, చిన్న అక్షరాల్లో. ఆ పుస్తకం మాకు ఈమెయిల్‌లో వచ్చింది డబ్బు కట్టాక.

ఆ షరతుల్లో ఏముంటుందో నాకు తెలిసినంత రాస్తాను. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, టైర్లు, బ్యాటరీ, వైపర్లు, బల్బులు, ఫిల్టర్లు, ఆయిల్స్ సాధారణంగా కవర్ కావు, అవి అరిగేవి, ఇందులో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా బుష్‌లు, ఆయిల్ సీళ్లు, హోస్ పైపులు, మౌంటింగ్‌ల దగ్గర. కొన్ని కంపెనీలు కవర్ చేస్తాయి, కొన్ని చేయవు. 'కవరయ్యేవి ఇవి' అని జాబితా ఇచ్చే వారంటీ ఒకరకం, 'ఇవి తప్ప అన్నీ' అని ఇచ్చేది ఇంకోరకం. రెండోదే మేలు, ఎందుకంటే మొదటిదాంట్లో జాబితాలో పేరు లేని భాగం ఏదైనా మన నెత్తినే పడుతుంది. తర్వాత, వారంటీ ఇస్తున్నది కార్ల కంపెనీయా లేక డీలర్ ద్వారా అమ్ముకుంటున్న వేరే సంస్థా అన్నది తప్పకుండా చూడాలి. షోరూం ఒకటే, లెటర్‌హెడ్ వేరు, క్లెయిమ్ దగ్గరికి వచ్చేసరికి మాది కాదంటే మాది కాదంటారు. హెడ్‌లైట్లకో, మ్యూజిక్ సిస్టమ్‌కో బయట వైరు కోసి కలిపించారంటే కరెంటుకు సంబంధించిన క్లెయిమ్ ఏదొచ్చినా అదే సాకు. కారు అమ్మేస్తే వారంటీ కొత్త యజమానికి బదిలీ అవుతుందా, మధ్యలో వద్దనుకుంటే మిగిలిన కాలానికి డబ్బు వాపసు ఇస్తారా, ఇవి కూడా సంతకానికి ముందే అడగాలి.

సర్వీస్ సంగతికి వస్తే, గ్లవ్‌బాక్స్‌లో ఉండే మాన్యువల్ ఒక్కసారి తీసి చూడండి. ఎన్ని కిలోమీటర్లకు లేదా ఎన్ని నెలలకు ఏం మార్చాలో, ఏది చూసి వదిలేయాలో పట్టిక ఉంటుంది. దాన్ని ఎస్టిమేట్ పక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. ఇంజిన్ ఫ్లష్, ఇంజిన్ కోటింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ డిసిన్ఫెక్షన్, అండర్‌బాడీ కోటింగ్, ఆయిల్‌లో కలిపే అడిటివ్. వీటిలో చాలావాటికి ఆ పట్టికలో చోటుండదు, కొన్ని మాన్యువళ్లయితే ఆయిల్‌లో ఏ అడిటివ్ కలపవద్దని స్పష్టంగా రాస్తాయి. అయినా ప్రతి సర్వీసుకీ ఎస్టిమేట్‌లో ప్రత్యక్షమవుతాయి. కౌంటర్ దగ్గర కూర్చున్న కుర్రాడిని తిట్టి లాభం లేదు, అతనికి నెలకింత అమ్మాలని పైనుంచి టార్గెట్ ఉంటుంది, అది పెట్టినవాళ్లనే అడగాలి.

విచిత్రం ఏమిటంటే, అక్కర్లేనివి ఇన్ని చేర్చేచోట అక్కరున్నవి మర్చిపోతారు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దాంతో అది మరిగే ఉష్ణోగ్రత తగ్గిపోతుంది, ఘాట్ రోడ్డులో వరసగా బ్రేకులు తొక్కినప్పుడు పెడల్ మెత్తగా లోపలికి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. అందుకే చాలా కంపెనీలు దాన్ని రెండేళ్లకోసారి మార్చమంటాయి. ఎన్ని సర్వీస్ రికార్డుల్లో ఆ లైను ఉందో చూసుకోండి. ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని చెప్పే డీలర్లున్నారు. గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్ఎఫ్ కంపెనీయేమో తన ఆటోమేటిక్‌లకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు లేదా 8 ఏళ్లకు ఆయిల్ మార్చడం మంచిదంటుంది. వారంటీ గడువు దాటాక గేర్‌బాక్స్ పోతే ఆ 'జీవితాంతం' ఎవరి జీవితమో ఎవరూ చెప్పరు. బ్రేక్ ప్యాడ్ల విషయంలో కూడా "అయిపోయాయి సార్, మార్చేయాలి" అంటే ఒప్పుకోకండి. కొత్త ప్యాడ్ పదీ పన్నెండు మిల్లీమీటర్లు ఉంటుంది, సుమారు మూడుకు వచ్చినప్పుడు మార్చడం మామూలు పద్ధతి. ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో జాబ్ కార్డు (కారుకు చేసే పనులు రాసే కాగితం) మీద రాయమనండి, తీసేసిన పాత ప్యాడ్లు మీకు ఇమ్మనండి.

చాలామందికి ఉన్న టెన్షన్ ఇంకోటుంది, బయట సర్వీస్ చేయిస్తే వారంటీ పోతుందని. అమెరికాలో 1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, ఫలానా బ్రాండు భాగమే వాడాలి, మా దగ్గరే చేయించాలి అని వారంటీకి ముడిపెట్టడం, దాన్ని ఉచితంగా ఇస్తే తప్ప, మామూలుగా కుదరదు. యూరోపియన్ యూనియన్‌లో 2010 నాటి నిబంధనలు కూడా బయటి గ్యారేజీలో సర్వీస్ చేయించినంత మాత్రాన కంపెనీ వారంటీ పోకూడదనే వైపే ఉన్నాయి. భారత్‌లో కంపెనీల మధ్య పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వు, అసలైన స్పేర్ పార్ట్స్, రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకు అందకుండా చేయడాన్ని తప్పుబట్టింది. కానీ ఇక్కడ ఒక చిక్కుంది. ఎక్స్‌టెండెడ్ వారంటీ అనేది మీరు డబ్బిచ్చి కొనుక్కున్న వేరే ఒప్పందం. అందులో 'ప్రతి సర్వీసూ అధీకృత డీలర్ దగ్గరే, గడువు దాటకుండా' అని రాసి ఉంటే, ఒక్కటి తప్పినా క్లెయిమ్ ఆపేస్తారు. కాబట్టి ఈ వారంటీ అసలు ఖర్చు లెక్కేసేటప్పుడు దాని రేటుతో పాటు అన్నేళ్లూ డీలర్ దగ్గర కట్టబోయే సర్వీస్ బిల్లులు కూడా కలపాలి. ఆ లెక్క వేసి చూపించే సేల్స్‌మన్ నాకైతే ఇంతవరకు తగల్లేదు.

డీలర్ దగ్గరికి అసలు వెళ్లొద్దని కాదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, ఆ మోడల్‌కే ప్రత్యేకమైన టూల్స్ వాళ్ల దగ్గరుంటాయి. సర్వీస్ రికార్డు పూర్తిగా ఉన్నవాళ్లకు వారంటీ దాటాక కూడా కొన్ని కంపెనీలు గుడ్‌విల్ కింద రిపేరు ఖర్చులో వాటా భరిస్తాయి, అయితే అడిగితేనే. ఇక భద్రతకు సంబంధించిన రీకాల్ (లోపమున్న కార్లను కంపెనీయే వెనక్కి పిలిచి సరిచేయడం) అయితే సాధారణంగా వారంటీ ఉన్నా లేకపోయినా ఉచితంగానే చేస్తారు, ఛాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఇవి తెలియక పాత కార్లవాళ్లు ఊరికే నష్టపోతున్నారు.

చివరిగా, క్లెయిమ్ కాదన్నవాళ్లకు ఒక్క మాట. నోటిమాట విని వెనక్కి రావద్దు. ఏ నిబంధన కింద కాదంటున్నారో, ఏ భాగం ఎందుకు పాడైందని తేల్చారో రాసి, సంతకంతో ఇమ్మనండి, పాడైన భాగం ఫొటోలు తీసుకోండి, అదే ఉత్తరం డీలర్‌తో పాటు కంపెనీకి కూడా ఈమెయిల్ చేయండి. మేము అలా రాతపూర్వకంగా అడిగాకే కంప్రెసర్ ఖర్చులో సగం భరించడానికి ఒప్పుకున్నారు. మిగతా సగం కోసం ఫిర్యాదు ఇచ్చాం, అది ఇంకా నడుస్తోంది.

ఇట్లు,
మీ పాఠకుడు