ఇంటి దగ్గర చదివే పిల్లలకు గ్రంథాలయాలు దారి చూపాలి

సంపాదకులకు నమస్కారం.

పిల్లలను బడికి పంపకుండా ఇంటి దగ్గరే చదివించుకునే కుటుంబాలు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. మాదీ అలాంటి కుటుంబమే. ఈ పద్ధతి మంచిదా కాదా అన్న వాదన వేరు. దాన్ని ఇక్కడ ఎత్తుకోను. పరీక్షల సంగతి చూసుకోవడానికి జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఉంది. 3, 5, 8 తరగతులకు సమానమైన స్థాయిలు అందులో ఉన్నాయి, 14 ఏళ్లు నిండాక 10వ తరగతి పరీక్షకు కూర్చోవచ్చు. పాఠ్యపుస్తకాలకూ కొరత లేదు. కొరతంతా పాఠ్యపుస్తకం కాని తెలుగు పుస్తకానికే: ఏ వయసు వారికి ఏది ఇవ్వాలి, అది చదివాక మరేది ఇవ్వాలి అని చెప్పేవారు లేరు.

ఇంగ్లీషులో వయసు వారీగా, విషయం వారీగా జాబితాలు కొల్లలుగా దొరుకుతాయి కనుక, తెలుగు ఇళ్లలోని పఠన ప్రణాళికలు కూడా ఇంగ్లీషు పుస్తకాలతోనే నిండిపోతున్నాయి. పోనీ ఆ జాబితాల కొలతలనే మన పుస్తకాలకు వాడుకుందామంటే అవి కుదరవు. వాక్యంలో ఎన్ని పదాలున్నాయన్న లెక్క తెలుగులో పెద్దగా ఏమీ చెప్పదు. ‘వెళ్లిపోయాడనుకున్నాను’ అన్నది ఒక్క పదమే. గుణింతాలు వచ్చి ఒత్తుల దగ్గర తడబడే పిల్లవాడికి మూడు పదాల వాక్యమైనా సంయుక్తాక్షరాలతో నిండి ఉంటే కష్టమే, ఒత్తులు లేని పొడుగాటి వాక్యమైతే సులువుగా చదివేస్తాడు. పైగా ఏడేళ్ల పిల్ల తానుగా చదవగలిగేది తక్కువ, విని ఆనందించగలిగేది చాలా ఎక్కువ. అందుచేత పెద్దలు చదివి వినిపించవలసిన పుస్తకాలనూ, పిల్లలు సొంతంగా చదువుకునే పుస్తకాలనూ వేరువేరుగా ఏర్చుకోనిదే ఏ ప్రణాళికా ముందుకు సాగదు. ఈ విభజన చేసిన తెలుగు జాబితా నాకు ఇంతవరకు ఎక్కడా కనబడలేదు.

మంచి పుస్తకాలే లేవని నా ఫిర్యాదు కాదు. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు తెలుగులో తక్కువ ధరకు వస్తున్నాయి, సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థ పిల్లల పుస్తకాలనే పనిగా పెట్టుకుంది. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లోనైతే నాలుగు పఠన స్థాయిల కింద తెలుగు కథలను ఉచితంగా చదువుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు కూడా. అయితే ఊళ్లలోని పుస్తకాల షాపుకు వెళ్లి పిల్లల పుస్తకమని అడిగితే చేతికి వచ్చేది గైడో, రంగులు వేసే పుస్తకమో, లేదంటే నీతి కథల సంపుటమో. (నీతి కథలు మాత్రం ఎన్నడూ అయిపోవు!) పురుగులు, నక్షత్రాలు, మన ఊరి పక్క నది, నేతపని, పాత కోటల గురించి పదేళ్ల పిల్లలు ఇష్టంగా చదివే పుస్తకం కావాలంటే డిసెంబరులో హైదరాబాదులోనో, జనవరిలో విజయవాడలోనో జరిగే పుస్తక ప్రదర్శన దాకా ఆగాలి. అప్పటికి ఆ పుస్తకం ప్రతులు అయిపోయి ఉంటే మళ్లీ ఎప్పుడు అచ్చవుతుందో ఎవరూ చెప్పలేరు. దీంతో పిల్లల కుతూహలాన్ని బట్టి పుస్తకం వెతకవలసిన మేము, దొరికిన పుస్తకాన్ని బట్టి పాఠం అల్లుకుంటున్నాం.

ఈ లోటు తీర్చగల వ్యవస్థ మనకు ఉంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్నును పిల్లలు బడికి వెళ్లే కుటుంబాలతో పాటు మేమూ కడుతున్నాం. ఆ సొమ్మును స్థానిక సంస్థలు సకాలంలో జమ చేయడం లేదన్న ఫిర్యాదు పాతదే, అది తీరేవరకు మిగతా పనులు ఆపనక్కరలేదు. జిల్లా గ్రంథాలయ సంస్థలు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులను, బాలసాహిత్య రచయితలను, కొందరు తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఒక జాబితా తయారు చేయించాలి. అందులో ప్రతి పుస్తకానికీ అక్షరాల కష్టమెంత, చదివి వినిపించేదా సొంతంగా చదువుకునేదా, ఏ శాఖా గ్రంథాలయంలో ప్రతి ఉంది అన్న వివరాలు ఉండాలి. జాబితాకు ఎక్కే ముందు ఆ పుస్తకాన్ని కొందరు పిల్లలు చదివి ఉండాలని కూడా నా కోరిక, ఎందుకంటే బహుమతి పొందిన పుస్తకాన్నీ పిల్లలు రెండో పేజీలో మూసేయడం అరుదేమీ కాదు. ఒకటి రెండు పుస్తకాలు పదిహేను రోజులకు ఇచ్చే పద్ధతి మాకు చాలదు. ఒకే విషయం మీద పది పన్నెండు పుస్తకాలను కట్టగా మూడు నెలలకు ఇచ్చే ఏర్పాటు కావాలి, దానికి తగిన ధరావతు కట్టడానికి మేము సిద్ధం. పుస్తకాల గది లేని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకూ ఇదే ఏర్పాటు పనికివస్తుంది.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. మొదటి జాబితాను ఈసారి ఆ వారంలోనే విడుదల చేయవలసిందిగా రెండు రాష్ట్రాల పౌర గ్రంథాలయ శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
కాకినాడ జిల్లా