దూదిని దూది అనే రాయండి

సంపాదకులకు,

అయ్యా,

గత నెలలో మా అమ్మ పెరట్లో జారిపడి తుంటి ఎముక విరగడంతో నెల్లూరు పొగతోటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎనిమిది రోజులు ఉన్నాము. వైద్యం బాగా చేశారు, నర్సమ్మలు సొంత మనిషిలా చూసుకున్నారు. నేను రాస్తున్నది బిల్లులో కనిపించిన పేర్ల గురించి మాత్రమే.

ఆరు పేజీల ఆ బిల్లులో ‘ఓరల్ డోసేజ్ మెజరింగ్ డివైస్’ అని ఒక పద్దు ఉంది. అదేదో పరీక్ష చేసే యంత్రం కాబోలనుకొని అడిగితే, నర్సమ్మ మంచం పక్క బల్ల మీద నుంచి టానిక్కు పోసే చిన్న ప్లాస్టిక్ గ్లాసు తీసి చూపించింది. కొలత గీతలు సగం చెరిగిపోయి, అడుగున ఎర్రటి మందు ఎండి అంటుకుపోయిన ఆ గ్లాసునే ఆమె పూటపూటా అమ్మ నోటికి అందించి ‘అవ్వా, ఈ కాస్తా తాగేసేయి’ అనేది. ‘ఈ మూతకా అంత పేరు!’ అని అమ్మ నవ్వేసరికి, ఉదయగిరి నుంచీ ఆత్మకూరు నుంచీ వచ్చి పక్క మంచాల మీద ఉన్నవాళ్లు కూడా తమ బిల్లులు తెచ్చి చదివించుకున్నారు. కాలి కింద పెట్టే దిండు ‘లింబ్ పొజిషనింగ్ సిస్టమ్’ అట. నర్సులందరూ కిడ్నీ ట్రే అని పిలిచే వాంతి గిన్నె ‘ఎమెసిస్ కలెక్షన్ యూనిట్’ అట. ఆ సాయంత్రం వార్డంతా నవ్వులే.

నవ్వి ఊరుకోదగిన సంగతే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. 2020 ఏప్రిల్ నుంచి బీమా కంపెనీలు అమ్ముతున్న ఆరోగ్య సంజీవని పాలసీ పత్రం చివర నాలుగు జాబితాలు ఉంటాయి. మొదటి దానిలోని 68 వస్తువులకు, సేవలకు బీమా డబ్బు రాదు. తరువాతి మూడింటిలోని 37, 23, 18 పద్దులు వరుసగా గది అద్దెలో, ఆపరేషను ఖర్చులో, చికిత్స ఖర్చులో కలిసిపోవలసినవి. అక్కడ అన్నీ మామూలు పేర్లే: దువ్వెన, బెడ్ పాన్, ఉమ్ము కప్పు, దూది, గాజుగుడ్డ, ఔన్స్ గ్లాస్ (అదే, టానిక్కు పోసే ఆ చిన్న గ్లాసు). బిల్లులో ఇంకొక పేరు ఉంటే, పాలసీ పత్రాన్ని పక్కన పెట్టుకొని ఎంత పోల్చి చూసినా రోగి బంధువుకు ఏమి తెలుస్తుంది? అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ‘కిట్’ అనే మాట. వివరాలు రాయని కిట్ ఏదైనా మొదటి జాబితాలోనే ఉంది, అంటే ఆ డబ్బు రోగే కట్టుకోవాలి. మేము కట్టిన ‘పోస్ట్ ఆపరేటివ్ కేర్ కిట్’ అటువంటిదే. దూది, గాజుగుడ్డ అని విడివిడిగా రాసి ఉంటే అవి ఆపరేషను ఖర్చులో కలిసిపోవలసినవని అక్కడికక్కడే అడిగి ఉండేవాళ్లం.

వస్తువులు తయారుచేసే కంపెనీ కేటలాగులోని పేరే కంప్యూటర్‌లోకి ఎక్కుతుందని, అందులో తమ ప్రమేయం లేదని బిల్లు కౌంటర్‌లోని అమ్మాయి చెప్పింది. ఆమె మాట నేను నమ్ముతాను. అయితే వివరమైన బిల్లు పొందడం రోగి హక్కని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతున్నది. చదివినవాడికి అర్థం కాని వివరం వివరమెలా అవుతుంది? కేటలాగు పేరు పక్కనే వార్డులో నర్సులు, ఆయాలు పలికే పేరును తెలుగులో అచ్చువేయాలని, కిట్ అన్నచోట అందులోని వస్తువులన్నీ విప్పి రాయాలని నెల్లూరు, ఒంగోలు ఆసుపత్రుల యాజమాన్యాలను, జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇది పెద్ద పనేమీ కాదు. నేను గట్టిగా అడిగితే ఆ అమ్మాయే మా కిట్‌లో ఉన్నవాటిని ఓపికగా బిల్లు వెనుక పెన్నుతో రాసిచ్చింది: గ్లౌజులు రెండు జతలు, దూది ఒక చుట్ట, గాజుగుడ్డ, ప్లాస్టరు, యూరిన్ బ్యాగు. అయిదో తరగతి వరకే చదివిన మా అమ్మ కళ్లజోడు పెట్టుకొని దానిని తానే చదువుకుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బుచ్చిరెడ్డిపాళెం, నెల్లూరు జిల్లా