తేలు కుట్టిన దొంగ నోరు మూసుకోడు

సంపాదకులకు నమస్కారం.

సినిమా పైరసీ గురించి మన పత్రికలు తరచూ రాస్తాయి. వీడియో గేమ్‌ల పైరసీ ఊసు మాత్రం పెద్దగా రాదు. హైదరాబాద్‌లో నలుగురైదుగురు కలిసి సొంతంగా గేమ్ తయారుచేసుకునే కుర్రాళ్లు దొంగ కాపీలకు బుద్ధి చెప్పే ఉపాయాల కోసం వెతుకుతుంటారు. వాటిలో ఏవి పనికొస్తాయో, ఏవి చేసినవాడి మెడకే చుట్టుకుంటాయో చెప్పాలని ఈ ఉత్తరం.

గేమ్ తెరవగానే లైసెన్సు చూసి, లేకపోతే వెంటనే మూసేసే పద్ధతి ఎక్కువసేపు నిలవదు. క్రాక్ చేసేవాడు, అంటే ఈ తాళం విరగ్గొట్టేవాడు, డీబగ్గర్ (ప్రోగ్రాం ఒక్కో అడుగూ ఎలా నడుస్తుందో చూపించే పనిముట్టు) పెట్టుకుని, ప్రోగ్రాం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి వెనక్కి నడుస్తాడు. లైసెన్సు ఉందా లేదా అని అడిగే షరతు దొరుకుతుంది. అక్కడ ఒకటి రెండు బైట్లు, అంటే కోడ్‌లోని చిన్న ముక్కలు, మార్చితే తాళం ఊడిపోయినట్టే. అందుకే తెలిసినవాళ్లు తప్పు పట్టుకున్న చోట శిక్ష వేయరు. పట్టుకోవడం మొదటి లెవెల్లో, దెబ్బ ఐదో లెవెల్లో. రెంటికీ మధ్య గంటల ఆట ఉంటే మూలం వెతకడం కష్టం.

దీన్ని బాగా చేసినవాళ్లలో ఇన్‌సోమ్నియాక్ సంస్థ ఒకటి. 2000లో ప్లేస్టేషన్‌కు వచ్చిన 'స్పైరో: ఇయర్ ఆఫ్ ది డ్రాగన్' కోసం వాళ్లు చేసిన ఏర్పాటును ప్రోగ్రామర్ గావిన్ డాడ్ మరుసటి ఏడాది వివరంగా రాశారు. కోడ్‌లోని బైట్లన్నిటినీ లెక్కగట్టి ఒక సంఖ్య తీస్తే అది చెక్‌సమ్. ఎవరైనా కోడ్ మార్చితే ఆ సంఖ్య మారుతుంది. ఒకే చెక్‌సమ్ ఉంటే దాన్నీ తీసేస్తారు. స్పైరోలో ఒకదాని హద్దులోకి మరొకటి వచ్చేలా చాలా చెక్‌సమ్‌లు పేర్చారు. ఒకదాన్ని కదిపితే ఇంకోటి పట్టేస్తుంది. దొరికాక ఆట ఆగదు. జోయీ అనే దేవకన్య వచ్చి, ఇది అక్రమంగా మార్చిన కాపీ కావచ్చని చెబుతుంది. ఆ తర్వాత ఆటలో ఏరుకోవాల్సిన రత్నాలు, గుడ్లు మాయమవుతాయి, మధ్యలో భాష మారిపోతుంది. ఆఖరి పోరాటం దాకా వెళ్తే మొదటికి విసిరేసి సేవ్ చేసిందంతా చెరిపేస్తుంది. క్రాక్ పూర్తయిందో లేదో తెలియాలంటే క్రాకర్లు ఆట మొత్తం ఆడి చూడాల్సి వచ్చింది. పనిచేసే క్రాక్ రావడానికి రెండు నెలలు దాటింది. అమ్మకాల్లో పెద్ద భాగం మొదటి నెలల్లోనే జరుగుతుంది కాబట్టి, ఆ రెండు నెలలు ఆపగలగడమే అసలు గెలుపు. శాశ్వతంగా ఆపే తాళం అంటూ లేదు.

మిగతా ఉపాయాలు సరదాగా చెప్పుకుంటారు. 'సెట్లర్స్ 3' దొంగ కాపీలో ఇనుము కరిగించే కొలిమిలోంచి పందులు వస్తాయి. 2011 నాటి 'సీరియస్ శామ్ 3'లో చావులేని గులాబీ రంగు తేలు వెంటపడుతుంది. దొంగకు తేలు కుట్టినట్టు అని మనం అనుకునేది అక్షరాలా జరిగినట్టే. కానీ సామెతలోని దొంగ కిక్కురుమనడు. ఆటల దొంగ అలా కాదు, గేమ్ బాగాలేదని బహిరంగంగా అరుస్తాడు. 2009లో 'బ్యాట్‌మన్: ఆర్ఖమ్ అసైలం' దొంగ కాపీలో హీరో గాల్లో తేలలేకపోతుంటే ఒకతను ప్రచురణ సంస్థ ఆన్‌లైన్ చర్చా వేదికలోనే ఫిర్యాదు చేసి దొరికిపోయాడు. అక్కడ నిర్వాహకులకు సంగతి తెలుసు. చదివే కొత్త కొనుగోలుదారుకు తెలియదు.

2006లో వచ్చిన 'టైటన్ క్వెస్ట్' సంగతి అందుకే ప్రతి గేమ్ డెవలపర్ తెలుసుకోవాలి. విడుదలకు ముందే దొంగ కాపీ బయటికి వచ్చింది. తొందరలో చేసిన ఆ క్రాక్ చాలా తనిఖీలను వదిలేసింది. వాటిలో ఒకటి కథలోని క్వెస్ట్‌కు, అంటే ఆటగాడికి అప్పగించే పనికి, ముడిపెట్టినది. క్వెస్ట్ మొదలైన చోటల్లా గేమ్ ఒక్క మాటా చెప్పకుండా మూతపడేది. ఆడినవాళ్లు ఇది బగ్గుల పుట్ట అని ప్రచారం చేశారు. అసలు కాపీలు దుకాణాలకు చేరేలోపే ఆ పేరు పడిపోయింది. తయారుచేసిన ఐరన్ లోర్ స్టూడియో 2008లో మూతపడింది. దానికి కారణం ఇదొక్కటే అనను. అయితే ప్రచురణ సంస్థ టీహెచ్‌క్యూలో పనిచేసిన మైఖేల్ ఫిచ్ ఆ ఏడాదే ఈ నష్టం గురించి బాధగా రాశారు. తనిఖీ పనిచేసింది, మాట చెప్పకపోవడమే చేటు చేసింది.

నా దృష్టిలో అన్నిటికన్నా తెలివైనది 2013 ఏప్రిల్‌లో గ్రీన్‌హార్ట్ గేమ్స్ చేసింది. వాళ్ల 'గేమ్ డెవ్ టైకూన్'లో ఆటగాడు ఒక గేమ్ కంపెనీ నడుపుతాడు. విడుదల రోజే దాని 'క్రాక్' కాపీని వాళ్లే టొరెంట్లలో (జనం ఫైళ్లు పంచుకునే చోట) పెట్టారు. అందులో కొన్ని గంటల తర్వాత, మన గేమ్‌ను జనం కొనకుండా దొంగతనంగా దించుకుంటున్నారని సందేశం వస్తుంది. ఇక ఎంత మంచి గేమ్ చేసినా డబ్బు రాదు, కంపెనీ దివాలా తీస్తుంది. మొదటి రోజు లెక్కలో కొన్నవాళ్లు 214 మంది, దొంగ కాపీ ఆడినవాళ్లు కనీసం 3,104 మంది. అప్పటి ధర 8 డాలర్ల లోపే. దివాలా ఎందుకు తీసిందో ఆటే చెప్పింది, కాబట్టి బగ్గు అని పొరబడే వీలు లేదు.

చేయదలచుకున్నవాళ్లకు కొన్ని మాటలు. తనిఖీ ఫలితాన్ని 'ఔను, కాదు' అనే జవాబుగా నిల్వ చేయకండి. వచ్చిన సంఖ్యను ఆటకు కావలసిన లెక్కలో, ఉదాహరణకు గెంతే ఎత్తులో, కలిపేయండి. అప్పుడు దాటేయడానికి షరతే ఉండదు. కానీ డబ్బిచ్చి కొన్నవాడి దగ్గర కూడా చెక్‌సమ్ తప్పుతుందని గుర్తుంచుకోండి. సగంలో చెడిన డౌన్‌లోడ్, పాడవుతున్న హార్డ్ డిస్క్, యాంటీవైరస్ జోక్యం, ఏదైనా చాలు. విడుదలకు ముందు పరీక్షించే బీటా దశలో శిక్ష లేకుండా లాగ్ (జరిగినదాని నమోదు) మాత్రమే రాయించండి, ఎంతమంది నిజాయితీపరులు పొరపాటున పట్టుబడుతున్నారో చూడండి. ఒకసారి తప్పితే ఫైలు మళ్లీ చదివి లెక్క కట్టండి. నిత్యం ఇంటర్నెట్ ఉండాలనే షరతు జోలికి పోకండి. 2010 మార్చిలో గేమ్ సంస్థ యూబీసాఫ్ట్ సర్వర్లపై దాడి జరిగితే 'అసాసిన్స్ క్రీడ్ 2' కొన్నవాళ్లే ఆడలేకపోయారు.

మన కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం తెలిసి దొంగ సాఫ్ట్‌వేర్ వాడినా 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఆ సంగతీ సందేశంలో ఒక వాక్యంగా రాయవచ్చు. సేవ్ ఫైలును మాత్రం స్పైరోలా చెరపొద్దు. ఆట ఆపిన చోట ధర, కొనే లింకు చూపించి, కొంటే ఇక్కడి నుంచే కొనసాగించవచ్చని చెప్పండి. పది గంటలు ఆడినవాడికి కొనాలనిపించేది అప్పుడే.

ఇట్లు,
ఒక గేమ్ ప్రోగ్రామర్, హైదరాబాద్