యుఫోనియం బదులు కీబోర్డు: మూడు నెలలుగా జవాబు లేని ఫిర్యాదు

వాయిద్యాల దుకాణం వారి పోటీల నిర్వహణ విభాగం మేనేజరు గారికి,

నమస్కారములు. ఇదే విషయమై మీకు రాస్తున్న నాలుగో లేఖ ఇది. మొదటి మూడూ మీకు చేరాయనే నా నమ్మకం, ఎందుకంటే మూడింటికీ "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది" అన్న వాక్యం అక్షరం పొల్లు పోకుండా తిరిగి వచ్చింది.

మీ బ్యాండు మేళాల పోటీ రోజు ఉదయం మా యుఫోనియం (కింది స్థాయి స్వరాలు పలికే పెద్ద ఇత్తడి బూర) రెండో వాల్వు బిగుసుకుపోగా, ఆ భాగాన్ని ట్రోంబోన్ మీద ఊదిస్తామని అడిగాము. నమోదు చేసిన వాయిద్యం మార్చరాదన్న నిబంధన చూపి మీ ప్రతినిధి కాదన్నారు. మేము మారుమాట్లాడక, కింది స్థాయి లేకుండానే కీర్తన ముగించాము. మా తరువాత వచ్చిన మేళం యుఫోనియం పేరు నమోదు చేసి, వేదిక మీద కీబోర్డు వాయించి, మొదటి బహుమతి పట్టుకెళ్లింది. పై షడ్జమం అందుకునే సరికి ఊదేవాడి పెదవి అలుస్తుంది, ఊపిరి చాలదు. కీబోర్డుకు కరెంటుంటే చాలు. బ్రిటన్‌లో బ్రాస్ బ్యాండు, అంటే ఇత్తడి వాయిద్యాల మేళాల, పోటీలు మాంచెస్టర్ బెల్ వ్యూ తోటల్లో 1853లోనే జరిగాయి. అక్కడి పోటీల్లో ట్రంపెట్‌ను పోలిన కార్నెట్ చోట ట్రంపెట్‌ను సైతం ఒప్పుకోరు. శ్రుతి ఒకటే అయినా గొట్టం తీరు వేరు, నాదం వేరు. ఆ లెక్కన ఇత్తడివి కాని మా క్లారినెట్లకూ అక్కడ చోటుండదని నాకు తెలుసు. నేనడిగేది అంత పట్టింపు కాదు, మాకు చూపిన కాగితమే వారికీ చూపి ఉండవలసిందని మాత్రమే.

బహుమతి పోయినందుకు నాకు బాధ లేదు, ఆ తరువాత జరిగినదానికే. మీ కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే మొదటి అమ్మాయి విషయమంతా ఓపికగా విని, "సార్, మీ కీబోర్డుకు వారంటీ ఉందా?" అని అడిగింది. రెండో అతను సీరియల్ నంబరు లేనిదే ఫిర్యాదు తీసుకోలేనన్నాడు. అన్యాయానికి సీరియల్ నంబరు ఎక్కడ చెక్కి ఉంటుందో నాకు తెలియలేదు. విజయవాడ కార్యాలయానికి స్వయంగా వెళితే పోటీల సంగతి హైదరాబాదు వారిదన్నారు. హైదరాబాదుకు ఫోను చేస్తే, పోటీ జరిగిన ప్రాంతం విజయవాడ వారిదే కదా అన్నారు. మరోసారి ఇరవై రెండు నిమిషాలు లైన్లో ఉంచారు, అంతసేపూ వినిపించిన సంగీతం కూడా కీబోర్డుదే. ఆ సాయంత్రమే "మీ సమస్య పరిష్కరించబడినది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అని సందేశం వచ్చింది.

మా నాన్నగారు 1987లో తొలి ట్రంపెట్ మీ దుకాణంలోనే కొన్నారు. బ్యాండు వాయిద్యాలు తయారయ్యే మీరట్ నుంచి నేరుగా తెప్పించుకోమని తోటి మేళాల వారు ఎంత చెప్పినా, మాట పోకూడదని ఈనాటికీ వాల్వు నూనె సైతం మీ దగ్గరే కొంటున్నాము. ఆ కీబోర్డును ఏ నిబంధన కింద అనుమతించారో బాధ్యత గల ఒక మనిషి తన పేరు, సంతకంతో రాసి పంపితే ఈ విషయం అక్కడితో ముగిసేది. ఇక పదిహేను రోజుల్లో ఆ లేఖ రాకుంటే, ప్రవేశ రుసుము రసీదు, మీ మూడు ఒకేరకం జవాబులు పట్టుకుని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. వచ్చే ఏడు మీ పోటీకి రావద్దని మా జిల్లా మేళాలన్నింటికీ నేనే చెబుతాను.

ఇట్లు,
ఒక బ్యాండు మాస్టరు,
పశ్చిమ గోదావరి జిల్లా

తా.క.: ఆ రెండో వాల్వు బాగయింది. మీ సర్వీసు కేంద్రంలో కాదు, మా ఊరి సైకిల్ షాపులో.