ఉన్ని ధర ఎక్కడ పుడుతుందో చూశాకే నిర్ణయం తీసుకోండి: కేంద్ర జౌళి శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర జౌళి శాఖ మంత్రిగారికి,

నమస్కారం. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో గొర్రెల పెంపకందారుల సంఘాలతో కలిసి పనిచేస్తున్నాను. మా సమావేశాల్లో రెండు డిమాండ్లు గట్టిగా వినిపిస్తున్నాయి. ఉన్నికి కనీస మద్దతు ధర ప్రకటించి, వచ్చిన సరుకంతా ప్రభుత్వమే కొనాలన్నది మొదటిది. ఆస్ట్రేలియా నుంచి వచ్చే మెరినో ఉన్నిపై దిగుమతి సుంకం మళ్లీ విధించాలన్నది రెండోది. ఇవాళ కాకపోతే రేపైనా ఇవి వినతిపత్రాలుగా మీ బల్ల మీదికి చేరతాయి. కాపరుల కడుపుమంట న్యాయమైనదే. అయినా ఈ రెండింటికీ ఒప్పుకోవద్దని, వీటి బదులు మరో పని చేయమని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను. మా వాళ్లలో కొందరికి నా మాట రుచించదు. వాళ్లకూ ఇదే చెప్పాను.

ముందు సుంకం సంగతి. 2022 డిసెంబరు 29న ఆస్ట్రేలియాతో వాణిజ్య ఒప్పందం అమల్లోకి రావడంతో అక్కడి ఉన్నిపై అంతవరకూ ఉన్న రెండున్నర శాతం సుంకం తొలగిపోయింది. మా ప్రాంతపు నాటు జాతి అయిన దక్కనీ గొర్రెల ఉన్ని అంతకు చాలా ఏళ్ల ముందే విలువ కోల్పోయింది. రెండూ గొర్రె ఒంటి మీద పెరిగేవే అయినా సరుకులు వేరు. సూటు గుడ్డకు వాడే మెరినో పోగు మందం 19 మైక్రాన్లకు అటూ ఇటూగా ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దక్కనీ ఉన్ని అందుకు రెట్టింపు ముతక. చాలా పోగులు లోపల బోలుగా ఉంటాయి కూడా. సన్న ఉన్ని వ్యాపారంలో ఒక్క మైక్రాన్ తేడాకే ధర మారిపోతుంది. గుడ్డ అంచున 'సూపర్ 100' అని ముద్ర వేయాలంటే పోగు సగటు మందం 18.75 మైక్రాన్లు మించకూడదు, 'సూపర్ 120'కైతే 17.75. లుధియానా, అమృత్‌సర్ మిల్లులకు కావలసింది ఆ పోగే. దాని మీద సుంకం వేస్తే అక్కడి మిల్లులకు ఖర్చు పెరుగుతుంది తప్ప మా కాపరి చేతికి అదనంగా పైసా రాదు.

దేశంలో వచ్చే ఉన్నిలో సుమారు 85 శాతం తివాచీ రకం, 5 శాతం దుస్తుల రకం, మిగిలిన 10 శాతం ముతక రకమని మీ శాఖ లెక్కలే చెబుతున్నాయి. మాది ఆ చివరి 10 శాతంలోది. దాన్ని దెబ్బతీసింది మెరినో కాదు. పాత బట్టల్ని చీల్చి తీసిన నూలుతో పానిపట్‌లో నేసే చవక దుప్పట్లు, వాటి తర్వాత వచ్చిన అక్రిలిక్, పాలిస్టర్ దుప్పట్లు. సంతలో గొంగడి ధర అడిగిన మనిషి చివరికి కొనుక్కుపోయేది వాటినే.

ఇక మద్దతు ధర. ఈ విషయంలో ఆస్ట్రేలియా అనుభవాన్ని మీ అధికారులు వివరంగా చదవాలి. ప్రపంచంలో సన్న ఉన్నికి అంతకన్నా పెద్ద ఉత్పత్తిదారు లేదు. ఉన్ని ధరను చట్టంతో నిలబెట్టడానికి అంత గట్టిగా ప్రయత్నించి, అంత ఘోరంగా నష్టపోయిన దేశమూ మరొకటి లేదు.

1970 ప్రాంతంలో ధరలు కుప్పకూలినప్పుడు అక్కడి ప్రభుత్వం వేలాల్లో జోక్యం చేసుకోవడం మొదలుపెట్టింది. 1974 నుంచి ప్రతి రకానికీ ఒక కనీస ధర ప్రకటించారు. వేలంలో ఎవరూ ఆ ధర పాడకపోతే ఉన్ని కార్పొరేషన్ కొని గోదాముల్లో పెడుతుంది, గిరాకీ వచ్చినప్పుడు అమ్ముతుంది. అందుకు అవసరమైన సొమ్ము రైతుల అమ్మకాల నుంచి కోసుకునే పన్ను ద్వారా సమకూరేది. చాలా ఏళ్లు ఈ ఏర్పాటు చక్కగా నడిచింది. నడిచినన్నాళ్లూ కనీస ధరను మార్కెట్ ధరకు బాగా కిందనే ఉంచారన్నది గమనించాలి.

1987లో ఆ ధరను నిర్ణయించే అధికారం ఆచరణలో రైతుల ప్రతినిధుల చేతికి వెళ్లింది. అప్పుడు మార్కెట్ ఊపు మీద ఉంది. చైనా, సోవియట్ యూనియన్, జపాన్ మిల్లులు పోటీపడి కొంటున్నాయి. 1988లో వేలాల సగటు ధర చూపే సూచీ కిలోకు 1200 ఆస్ట్రేలియా సెంట్లు దాటింది. ఆ వేడిలో కనీస ధరను 1986–87లో ఉన్న 508 సెంట్ల నుంచి ముందు 645కు, ఆపైన 870కి పెంచారు. రైతులు అప్పటి ధర చూసి మందలు పెంచారు. 1990 నాటికి ఆ దేశంలో గొర్రెలు సుమారు 17 కోట్లు. సరిగ్గా అప్పుడే గిరాకీ మాయమైంది. 1989 తర్వాత చైనా కొనుగోళ్లు తగ్గించింది, సోవియట్ యూనియన్ దగ్గర విదేశీ మారకం కరువైంది. ఖరీదైన ఉన్నిని భరించలేని మిల్లులు పాలిస్టర్‌ను కలపడం మొదలుపెట్టాయి. ఇంత జరుగుతున్నా 870 సెంట్లు ఇస్తామన్న హామీ మాత్రం నిలిచే ఉంది కాబట్టి రైతు ఉన్ని తేవడం ఆపలేదు. ఎందుకు ఆపుతాడు? అతని వరకు మార్కెట్ బాగానే ఉంది.

1990లో కనీస ధరను 700కు తగ్గించి, ఇక మార్చేది లేదని ప్రభుత్వం మాట ఇచ్చింది. కొనుగోలుదారులు నమ్మలేదు. గోదాముల్లో కొండలా సరుకు పేరుకుపోతుంటే ఈ ధర నిలవదని అందరికీ తెలుసు. కొద్ది నెలలు ఆగితే ఇంకా చవగ్గా దొరుకుతుందని చేతులు కట్టుకుని కూర్చున్నారు. దాంతో కార్పొరేషనే అతి పెద్ద కొనుగోలుదారుగా మిగిలింది. 1991 ఫిబ్రవరిలో పథకాన్ని ఆపేశారు. అప్పటికి నిల్వ 47 లక్షల బేళ్లు (ఉన్ని మూటలు), అప్పు 270 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల పైమాటే. ధర వెంటనే 500 సెంట్లకు దిగువకు జారింది. గొర్రెల సంఖ్య తగ్గించడానికి ఆరోగ్యంగా ఉన్న జీవాలను లక్షల సంఖ్యలో తుపాకులతో కాల్చి చంపి గుంతల్లో పూడ్చారు. గొర్రెల మధ్య బతికే మా వాళ్లకు ఈ సంగతి చెప్పినప్పుడు చాలాసేపు ఎవరూ నోరు మెదపలేదు. ఆఖరి బేలు 2001లో గానీ అమ్ముడుపోలేదు. ఆ పదేళ్లూ ఆ నిల్వ మార్కెట్ నెత్తిన వేలాడుతూనే ఉంది.

అంత చదువుకున్న రైతులు, అంత పటిష్ఠమైన సంస్థలు ఉన్న చోట లెక్క ఎందుకు తప్పింది? ధర ఒక్క చోట పుట్టేది కాదు కనుక. ఆస్ట్రేలియా కత్తిరించే ఉన్నిలో ఇప్పుడు 80 శాతానికి పైగా చైనాకు వెళ్తుంది. అక్కడ కడిగి, దువ్వి, వడికాక అది ఇటలీ నేత మిల్లుకో, చైనాలోనే కుట్టే కోటుకో చేరుతుంది. వేలం నుంచి దుకాణం దాకా రావడానికి ఏడాదికి పైగా పడుతుంది. దుకాణదారుడు ఆర్డరు కాస్త తగ్గిస్తే, తన దగ్గరున్న నిల్వ చూసుకుని నేతమిల్లు మరికాస్త, వడికే మిల్లు ఇంకాస్త తగ్గిస్తాయి. వేలం దగ్గరికి వచ్చేసరికి చిన్న వెనకడుగు పెద్ద పతనమవుతుంది. 2018 ఆగస్టులో కిలోకు 2116 సెంట్లతో రికార్డు సృష్టించిన సూచీ, అమెరికా–చైనా సుంకాల గొడవ, ఆపై కోవిడ్ వచ్చి ఆఫీసులూ పెళ్లిళ్లూ ఆగిపోయాక 2020 సెప్టెంబరులో 858కి పడింది. ఆ రెండేళ్లలో గొర్రెలు గానీ రైతులు గానీ చేసిన తప్పేమీ లేదు. పైగా ధర ఆస్ట్రేలియా డాలర్లలో పలుకుతుంది, కొనేవాడు అమెరికా డాలర్లలో లెక్క చూసుకుంటాడు. మారకం రేటు కదిలినా ధర కదులుతుంది.

సరఫరా వైపు చిక్కు ఇంకా విచిత్రం. కరువులో మేత చాలని మెరినో గొర్రెకు ఉన్ని తక్కువ వస్తుంది, కానీ పోగు మరింత సన్నబడుతుంది. అంటే కరువు ఏడాది మొత్తం ఉన్ని తగ్గి, అందులో సన్న రకం వాటా పెరుగుతుంది. అప్పుడు సన్న ఉన్నికి దక్కే అదనపు ధర కరిగిపోతుంది. వానలు పడితే ఇది తిరగబడుతుంది. ఇక మాంసం ధర బాగుంటే రైతు మెరినో ఆడగొర్రెలకు మాంసం జాతి పొట్టేళ్లను కలుపుతాడు. ఒకసారి అలా మళ్లిన మంద ఉన్ని ధర పెరిగిందని ఒక్క ఏడాదిలో వెనక్కి రాదు. ప్రస్తుతం అక్కడ గొర్రెలు 1990 నాటి సంఖ్యలో సగానికి తక్కువే. వస్త్ర ప్రపంచమంతటా వాడే పోగుల్లో ఉన్ని వాటా ఒక్క శాతం దగ్గర ఉంది. ఇన్ని కదిలే భాగాలున్న చోట ఢిల్లీలోనో కాన్‌బెరాలోనో కూర్చుని ఒక అంకె ప్రకటిస్తే అది ఎన్నాళ్లు నిలుస్తుంది?

మా దగ్గరా మాంసం ఉన్నిని మింగేసింది. 2019 పశుగణన ప్రకారం 1.9 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో ఉంది, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో. కానీ నెల్లూరు జాతికి ఉన్నే ఉండదు. మాంసానికి అది బాగా పనికొస్తుంది కాబట్టి దక్కనీ మందల్లోకి ఆ పొట్టేళ్లు వచ్చాయి. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ ఆ మార్పును వేగిరపరిచింది. కాపరిని తప్పుపట్టలేం.

ఉన్ని కత్తిరింపు జరిగే రోజు మా ప్రాంతానికి ఒక్క అధికారినైనా పంపండి. గొర్రెను పడుకోబెట్టి, కాళ్లు కట్టి, పొట్ట దగ్గర నుంచి పెద్ద కత్తెరతో తీస్తూ వస్తారు. నలుపు, గోధుమ, బూడిద రంగులు, పిల్లల మెత్తటి తొలి ఉన్ని, ముసలి గొర్రెల గరుకు ఉన్ని, తోక దగ్గరి పేడ అంటిన ముద్దలు, పల్లేరు ముళ్లు అన్నీ ఒకే కుప్పలో పడతాయి. ఒకప్పుడు ఉన్ని అమ్మిన డబ్బు చేతికొచ్చేది, ఇప్పుడు కత్తిరించినందుకు కాపరే తలకింత చెల్లిస్తున్నాడు. కుప్పను దొడ్డి వెనక పారబోస్తున్నాడు. ఆ కుప్పలోంచి తొలి ఉన్నిని చేత్తో వేరుచేసి చూస్తే అది ఎంత మెత్తగా ఉంటుందో తెలుస్తుంది. గొంగడి నేసే ఇళ్లలో వృద్ధ మహిళలు ఇప్పటికీ దాన్ని కంటితోనే ఏరి, వడికి, చింతగింజల గంజి పెట్టి మగ్గానికి అందిస్తున్నారు. అలా వేరు చేసిన సరుకుకు కొనేవాడు ఉన్నాడు. కలిపేసిన కుప్పకు లేడు.

పథకం కూలిపోయినా ఆస్ట్రేలియాలో కూలనిది ఒకటుంది, కొలత. ప్రతి బేలులోకీ బోలు గొట్టం దించి నమూనా తీసి, వేలానికి ముందే స్వతంత్ర సంస్థ పరీక్షిస్తుంది. మైక్రాన్లు ఎన్ని, కడిగాక ఎంత నిలుస్తుంది, గడ్డీ గింజలూ ఎంత శాతం, పోగు పొడవు, బలం ఎంత అన్నది కాగితం మీద ఉంటుంది. అందుకే ఎక్కడో షాంఘైలో కూర్చున్న మనిషి చూడని సరుకుకు ధైర్యంగా ధర పాడగలుగుతున్నాడు.

మాకు కావలసింది అదే, మా స్థాయికి తగినట్టుగా. 2021–26 కాలానికి 126 కోట్ల రూపాయలతో ఆమోదించిన సమగ్ర ఉన్ని అభివృద్ధి కార్యక్రమానికి కొనసాగింపు రూపొందించేటప్పుడు, జోధ్‌పూర్‌లోని కేంద్ర ఉన్ని అభివృద్ధి బోర్డు ద్వారా తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర దక్కనీ ప్రాంతంలో ఉన్నిని రంగు, పొడవు, మెత్తదనం ప్రకారం వేరుచేసే కేంద్రాలు పెట్టించండి. కత్తిరింపు జరిగే చోటే వేరు చేయడానికి మనుషులకు శిక్షణ, రోజు కూలి ఇవ్వండి. నమూనాలు పరీక్షించి ఫలితాన్ని తెలుగులో రాసి కాపరి చేతికి ఇచ్చే ఏర్పాటు చేయండి. ఏ రకం ఏ సంతలో ఎంత పలికిందో నెలనెలా ప్రకటించండి.

ప్రభుత్వం కొనదలచుకుంటే కొనవచ్చు, అయితే వచ్చిందల్లా కొనవద్దు. వసతిగృహాలకు ఎన్ని గొంగళ్లు కావాలి, ప్రభుత్వ భవనాల్లో చప్పుడునీ వేడినీ ఆపే పలకలకు ఎంత ముతక ఉన్ని పడుతుంది అన్నది ముందు తేల్చి, ఆ పరిమాణానికే, ఆ ఏడాదికే, వేరుచేసిన సరుకుకే ఆర్డరు ఇవ్వండి. ధరను ఏటా సవరించండి. వాడకం లేని ఉన్నిని గోదాములో దాచే పథకానికి ఎన్నికల ఒత్తిడి వచ్చినా సంతకం చేయకండి.

వచ్చే కత్తిరింపు కాలానికి ముందే ఒక్క మండలంలోనైనా ఇది ప్రయోగాత్మకంగా మొదలుపెడతామంటే, నారాయణఖేడ్ చుట్టుపక్కల సంఘాలు స్థలమూ మనుషులనూ చూపించడానికి సిద్ధంగా ఉన్నాయి. మీ శాఖ నుంచి లిఖితపూర్వక సమాధానం కోసం ఎదురుచూస్తున్నాం.

భవదీయుడు,
గొర్రెల పెంపకందారుల సంఘాల కార్యకర్త,
నారాయణఖేడ్, సంగారెడ్డి జిల్లా