నాలుగు మాత్రలూ ఒకే గుక్కలోనా?

తిరుపతి,
మంగళవారం మధ్యాహ్నం

ఒసేయ్ సుబ్బీ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. ఇక్కడంతా కులాసా, ఎండలు మండిపోతున్నాయి, పెద్దోడికి పరీక్షలు. అంతే. అసలు సంగతికొస్తా.

ఉత్తరం చివర్న ఓ ముక్క రాశావే, "మరిచిపోకుండా పొద్దున్నే నాలుగు మాత్రలూ కాఫీతో ఒకే గుక్కలో మింగేస్తా" అని! థైరాయిడ్, ఐరన్, కాల్షియం, గ్యాస్ మాత్ర. మన హాస్టల్ సాంబారు అనుకున్నావా? కాల్షియం, ఐరన్ రెండూ కడుపులో థైరాయిడ్ మందుని పట్టేసి ఒంటికి ఎక్కనివ్వవు. కాఫీ ఇంకో అడ్డం. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందు సరిపోతోందో లేదో చెప్పే అంకె) దిగలేదని మోతాదు పెంచారన్నావు కదా, అసలు లోపం ఇదే కావచ్చు. ఇప్పుడు వేళలు సరిచేస్తే ఆ పెంచిన మోతాదు ఎక్కువైపోతుంది, ఎక్కువైన థైరాయిడ్ మందు ఎముకనే తినేస్తుంది. అందుకని డాక్టరుకి ముందే చెప్పు, ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్లీ పరీక్ష చేయించుకో.

ఇట్లా వేసుకో. ఐదున్నరకి థైరాయిడ్, ఉత్త నీళ్లతో. కాఫీ ఆరున్నరకి, అంతవరకూ ఓర్చుకో తల్లీ. పదకొండుకి ఐరన్, నిమ్మకాయ నీళ్లతో. కాల్షియం మధ్యాహ్నం అన్నం తింటూనే. నీది కార్బొనేట్ రకం, కడుపులో ఆమ్లం ఉంటేనే కరుగుతుంది. గ్యాస్ మాత్ర ఆ ఆమ్లాన్నే తగ్గిస్తుంది! అది మానలేకపోతే సిట్రేట్ రకం రాయమని అడుగు.

అట్ట మీద 1250 అని ఉందని మురిసిపోకు. అది కార్బొనేట్ బరువు, అందులో కాల్షియం 500 మిల్లీగ్రాములే. నెలసరి ఆగినాక రోజుకి 1200 కావాలి. పాలూ పెరుగూ కలిపి అర లీటరైతే సుమారు 600, సంగటిలో 50 గ్రాముల రాగిపిండి పడితే ఇంకో 180. మిగతాదానికి ఒక్క మాత్ర చాలు, రెండోది దండగ. రాగుల్లో ఫైటేటు ఉంటుంది, కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. మొలకకట్టి ఆరబెట్టి పిండి పట్టించు, లేదా రాత్రి పులియబెట్టిన అంబలి తాగు. మన తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి డాక్టర్లు 2007లో ప్రచురించిన పరిశీలనలో కూడా ఇదే తేలింది: తిండిలో కాల్షియం తక్కువ, ఫైటేటు ఎక్కువ, ఇంత ఎండలో ఉండి కూడా విటమిన్ డి తక్కువ.

అన్నట్టు కిటికీ అద్దం వెనక ఎండ లెక్కలోకి రాదు. డి తయారుచేసే కిరణం అద్దం దాటదు. చేతులు, కాళ్లు తగిలేలా మేడెక్కు, వడియాలకి కాపలా కూడా అవుతుంది. ఆ 60,000 యూనిట్ల విటమిన్ డి మందు వారానికి ఒక్కటేనే, రోజూ కాదు! పాలతోనో నెయ్యన్నంతోనో.

ఎముకల స్కాన్ రిపోర్టు చూసి ఏడ్చావట. పిచ్చిదానా, అందులో టీ-స్కోరు (ఎముక గట్టిదనం అంకె) మైనస్ 2.1 అంటే ఎముక పలచబడిందని. మైనస్ 2.5కి దిగితేనే గుల్లబారడం. కానీ నెలసరి ఆగిన తొలి ఐదారేళ్లే ఎక్కువ కరిగేది, అందుకే ఈ తొందర. ఈతా సైకిలూ గుండెకి మంచివే, ఎముకకి మాత్రం ఒంటి బరువు మోసే పని కావాలి. అలిపిరి మెట్లు ఎక్కు, దిగేటప్పుడు బస్సెక్కు, మోకాళ్లు నిలబడతాయి. నీళ్ల బిందె నడుం వంచి లేపకు, మోకాళ్లు వంచి లేపు. స్నానాలగదిలో ఆ నాచు బండ... దాని గురించి వేరే రాస్తా, జారిపడే...

పోస్టు డబ్బా తీసే మనిషి వచ్చేశాడు. గళ్ల చీర సంగతి మరవలేదు!

నీ
చింతపండు