ఎవరి వ్యవస్థ వాళ్లకు భద్రమే, పోయింది మా మామయ్య డబ్బు

సంపాదకులకు నమస్కారం.

మా మామయ్య ఖాతాలో పది వేలు పోయాయి. ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు పాతది కావడంతో పాస్‌బుక్ ప్రింట్ కొట్టించేదాకా తెలియలేదు. ఓటీపీ ఎవరికైనా చెప్పావా అని బ్యాంకులో అడిగారట, ఆయనకు ఏటీఎం కార్డే లేదు! ఎంట్రీ పక్కన ఏఈపీఎస్ అని ఉంది, అది కార్డు లేకుండా ఆధార్ నంబరు, వేలిముద్రతో డబ్బు తీసే పద్ధతి, అంటే ఎక్కడో ఎవరో ఆయన వేలిముద్ర పెట్టి తీశారు. ఆ వేలు ఆ రోజంతా పత్తి చేనులో ఉంది.

ఊళ్లో ఇంటి జాగా అమ్మినప్పటి దస్తావేజు తీసి చూశాను. ఫొటో పక్కన వేలిముద్ర, కింద ఆధార్ పన్నెండు అంకెలూ. దీన్నుంచే పోయిందని రుజువు చేయలేను గానీ, 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల నుంచి ముద్రలు తీసి, రబ్బరు స్టాంపుల మిషన్‌తో నకిలీవి చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. తర్వాత ఇదే దారిలో ఖాతాలు ఖాళీ చేసిన ముఠాలూ దొరికాయి.

ఇందులో ఎవరినడిగినా మా తప్పు లేదంటారు, విడివిడిగా చూస్తే నిజమే. అమ్మింది ఈ మనిషేనని రేపు తేలాలంటే దస్తావేజులో ముద్ర కనిపించాలి. ఆధార్ సర్వర్‌ను ఎవరూ ముట్టుకోలేదు, ముట్టుకోవాల్సిన పనే లేదు. డబ్బు తీసేచోట వేలు పెట్టే మిషన్ ఆ ముద్రను అక్కడికక్కడే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే ఎవరూ చదవలేని సంకేతాల్లోకి మారుస్తుంది, కాకపోతే రబ్బరు వేలినీ అంతే భద్రంగా ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది. ఆధార్ సరే అంది, బ్యాంకు ఇచ్చేసింది. ఒక ఆఫీసుకు నలుగురికీ చూపించాల్సిన సాక్ష్యం ఇంకో ఆఫీసుకు బీరువా తాళం చెవి అయినప్పుడు, రెండూ కలిసే చోట కాపలా ఎవరిది? ఎవరికి వారే యమునా తీరే.

నకిలీ వేళ్లను పసిగట్టే కొత్త చెకింగ్‌ను ఆధార్ సంస్థ 2023లో తెచ్చింది, మంచిదే. కానీ ఏటీఎంకు కార్డుతో పాటు పిన్ అడిగేవాళ్లు వేలికి ఎందుకు అడగరు? పిన్ గుర్తుపెట్టుకోవడం ముసలివాళ్లకు కష్టమంటే, కావాలని అడిగినవాళ్లకే ఈ సదుపాయం ఇవ్వండి, మిగతావాళ్లకు ఆపేయండి.

బయోమెట్రిక్ లాక్ చేసుకోండని, అంటే ఆధార్‌లో వేలిముద్ర పనిచేయకుండా ఆపేసుకోండని సలహా ఇస్తారు. నా నంబరు ఆయన ఆధార్‌కు ఎక్కించి అదీ చేశాను. లాక్ ఉంటే రేషన్ షాపులో కూడా వేలు పడదు. ఇప్పుడు ప్రతి నెలా ఆయన బియ్యం సంచితో క్యూలో నిలబడి నాకు ఫోన్ చేస్తాడు, నేను ఆఫీసులో పని ఆపుకుని పది నిమిషాలకు అన్‌లాక్ చేస్తాను, ఆ పది నిమిషాల్లో షాపులో సర్వర్ డౌన్ అయితే మళ్లీ మొదటికే.

- ఒక పాఠకుడు, కరీంనగర్